స్కోరు పుస్తకంలో మా అమ్మాయి

ఆ పెన్సిలు పట్టుకోమని నన్నెవరూ బతిమాలలేదు. నేనే ఎగబడి పట్టుకున్నాను. ఈ ఏడాది జనవరిలో, మా అమ్మాయి దీక్షిత స్కూల్లో సాఫ్ట్‌బాల్ జట్టుకి స్కోరు రాసే పిల్ల చదువు ఒత్తిడని మానేసింది. కోచ్ ఫైజల్ సార్ తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో, ఎవరైనా ఈ సీజనంతా వచ్చి స్కోరు రాయగలరా అని అడిగాడు. పది నిమిషాలు తిరక్కుండా నేను చెయ్యెత్తాను.

మేం వచ్చి స్థిరపడ్డ ఈ దేశంలో, తువాస్ అనే ఫ్యాక్టరీల పేటలో, ఒక మందుల ఫ్యాక్టరీలో క్వాలిటీ రికార్డులు చూడడం నా ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళుగా నేను చేస్తున్నదల్లా జరిగింది జరిగినట్టు కాగితం మీద ఉందో లేదో చూడడమే. తప్పు రాస్తే చెరపకూడదు. ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం చేసి, తేదీ వెయ్యాలి. కొత్తగా చేరిన పిల్లలకి ఈ మాట చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది. ఇలాంటివాడికి కాక ఆ పుస్తకం ఇంకెవరికిస్తారు అనుకున్నాను. ఎంత పొగరో చూడండి.

"మీ అమ్మాయే ఆడుతోంది కదా మిస్టర్ రావ్, మీకేం ఇబ్బంది లేదుగా?" అని ఫైజల్ సార్ ఫోన్ చేసి అడిగాడు.

"మీరేం కంగారు పడకండి సార్. నేను చాలా స్ట్రిక్టు" అన్నాను.

ఆ ఆదివారం పెసరట్ల దగ్గర దీక్షిత నాకు పాఠం చెప్పింది. పదహారేళ్ళ పిల్ల. తెలుగులో మునిగి ఇంగ్లీషులో తేలుతుంది.

"క్రికెట్ మర్చిపో నాన్నా. అందులో ఫీల్డర్ బాల్ వదిలేసినా రన్ బ్యాటర్‌దే కదా? ఇక్కడ అలా కాదు. నేను కొట్టి బేస్‌కి, అంటే పరుగెత్తి ఆగే చోటుకి, చేరాననుకో. వై? నేను బాగా కొట్టానా, వాళ్ళు బాగా పట్టలేదా? నేను బాగా కొడితే హిట్. వాళ్ళు ఈజీ బాల్ వదిలేస్తే ఎర్రర్. హిట్ అంటే నాకు క్రెడిట్. ఎర్రర్ అంటే నాకు జీరో, అవుటైనట్టే లెక్క."

"అది తేల్చేదెవరు? అంపైరా?"

"నో లా" అంది, ఇక్కడివాళ్ళ ఊతపదం తగిలించి. "అంపైర్ అవుటా సేఫా అని మాత్రమే చెప్తాడు. హిట్టా ఎర్రరా అన్నది స్కోరర్ చెప్పాలి. నువ్వే."

"నేనేనా?"

"నువ్వే. మామూలు ఫీల్డర్ మామూలుగా ట్రై చేస్తే పట్టగలదా? పట్టగలిగితే ఎర్రర్. పట్టలేకపోతే హిట్. అంతే. మరీ ఎక్కువ థింక్ చెయ్యకు."

పెనం దగ్గర్నించి మా ఆవిడ కాత్యాయని, "ఆయన్ని పట్టుకుని థింక్ చెయ్యకు అంటావేంటే! చీపురు కొనడానికే నాలుగు షాపులు తిప్పుతారు" అంది. ముగ్గురం నవ్వాం. ఆ పూట మా ఇల్లు ఎంత బాగుందో ఇప్పుడు తెలుస్తోంది.

దీక్షితకి ఆ ఆట సరదా మాత్రమే అయితే నేనింత గొడవ రాయను. లెక్కల్లో అది ఎప్పుడూ అత్తెసరే. ట్యూషన్లు పెట్టించాం, బెదిరించాం, బతిమాలాం. కూర్చోబెట్టి చెప్తే తలూపుతుంది, పరీక్షలో మళ్ళీ మొదటికే. ఏడాది చివర పెద్ద పరీక్షల మార్కులతో దానికి జూనియర్ కాలేజీలో సీటు రాదని మా ముగ్గురికీ తెలుసు, పైకి అనుకోమంతే. కానీ ఇక్కడ ఆటల్లో మంచి పేరున్న పిల్లలకి పరీక్షల కంటే ముందే సీటిచ్చే పద్ధతి ఒకటుంది. డీఎస్ఏ అంటారు. సాఫ్ట్‌బాల్ జట్టున్న ఒక కాలేజీ కోచ్ కిందటేడు దీక్షిత ఆట చూసి, "ఆల్‌స్టార్ జట్టులో నీ పేరు ఉంటే ట్రయల్‌కి పిలుస్తాను" అన్నాడట. ఆ ఒక్క మాట పట్టుకుని నాలుగు నెలలు తెల్లారి అయిదున్నరకే లేచి మా బ్లాక్ కింద బ్యాటు ఊపింది. ఎండకి నల్లబడిపోతోందని మొదట్లో సణిగిన కాత్యాయని కూడా దాని మేజోళ్ళు విడిగా నానబెట్టి ఉతకడం మొదలుపెట్టింది.

ఆల్‌స్టార్ జట్టు ఎలా ఎంచుతారో ఫైజల్ సార్ మొదటి మ్యాచ్‌కి ముందే తల్లిదండ్రులందరికీ చెప్పాడు. లీగులో ఎనిమిది స్కూళ్ళు. సెమీఫైనల్‌కి చేరిన నాలుగింటినించి ఇద్దరేసి, మిగతా నాలుగింటినించి ఒక్కొక్కరే. కోచ్‌ల అభిమానాలు అడ్డు రాకూడదని, ఏ స్కూల్లో ఎవరి బ్యాటింగ్ సరాసరి ఎక్కువుంటే వాళ్ళనే తీసుకుంటారు. ఎన్నిసార్లు బ్యాటు పట్టారు, అందులో ఎన్ని హిట్లు. అదంతా స్కోరు పుస్తకంలోంచే తీస్తారు.

అంటే నా పెన్సిల్లోంచి. ఇది వినగానే పుస్తకం వెనక్కిచ్చేసి లేచి రావాల్సింది. నేను మాత్రం కుర్చీలో ఇంకొంచెం నిటారుగా కూర్చున్నాను.

*

మూడో మ్యాచ్ నాడు నా పక్క కుర్చీలో లిలియన్ కూర్చుంది. హుయ్ మిన్ వాళ్ళమ్మ. హుయ్ మిన్, దీక్షిత మొదటేడునించీ ఒకే జట్టు. లిలియన్ హౌగాంగ్‌లో ఒక ఫుడ్ సెంటర్‌లో చేప ఉండల నూడుల్స్ స్టాలు నడుపుతుంది. మ్యాచ్ ఉన్న రోజు స్టాలు మూసేసి, ఊరు ఈ చివరినించి ఆ చివరికి బస్సూ రైలూ మారి వస్తుంది. భర్త లేడు. వచ్చేటప్పుడు నాకోసం ప్లాస్టిక్ సంచీలో చల్లటి కాఫీ తెచ్చేది. వద్దంటే వినేది కాదు. ఎండ నా పుస్తకం మీద పడుతోందని తన గొడుగు నావైపు వంచి పట్టుకుని, తను సగం ఎండలో కూర్చునేది.

ఆ రోజు నాలుగో ఇన్నింగ్స్‌లో హుయ్ మిన్ కొట్టిన బంతి నేలబారుగా మూడో బేస్ పిల్ల కాళ్ళ దగ్గరికి నెమ్మదిగా దొర్లింది. ఆ పిల్ల వంగింది, బంతి చేతి తొడుగుకి తగిలింది, జారింది. మళ్ళీ ఏరుకునేలోగా హుయ్ మిన్ బేస్ చేరింది. మా ఇంటి పక్క ముసలమ్మయినా పట్టేది ఆ బంతిని.

లిలియన్ గొడుగుతో సహా లేచి చప్పట్లు కొట్టింది. కూర్చుంటూ నా పుస్తకంలోకి తొంగి చూసింది. "హిట్టు కదా మిస్టర్ రావ్?" అంది. ముఖమంతా నవ్వే. ఆవిడ తెచ్చిన కాఫీ నా కాళ్ళ దగ్గరే ఉంది, అప్పటికి సగం తాగేశాను.

"హిట్టే, హిట్టే" అన్నాను. రాసేశాను.

నేను పుట్టి పెరిగిన అమలాపురంలో దీన్ని మొహమాటం అంటారు. మా నాన్నకుండేది, నాకొచ్చింది. ఎదుటి మనిషి ముఖం చిన్నబోతుందంటే నా నోట కాదన్న మాట రాదు. ఇన్నాళ్ళూ దాన్ని నేను మంచితనంలో జమకట్టుకుంటూ వచ్చాను.

ప్రతి మ్యాచ్ అయ్యాక దీక్షిత పుస్తకం పేజీలు ఫోనులో ఫొటో తీసుకునేది. ఆ సాయంత్రం మా ఇల్లున్న బుకిట్ బటోక్ వెళ్ళే రైల్లో చూస్తూ, "నాన్నా, హుయ్ మిన్ బాల్ ఎర్రర్ కదా?" అంది.

"పోనీలే అమ్మా. వాళ్ళమ్మ పక్కనే ఉంది."

"సో?"

"పాపం అంత దూరంనించి వచ్చింది."

దీక్షిత నావైపు చూసి పెద్దగా నవ్వేసింది. "యూ ఆర్ సో సాఫ్ట్, నాన్నా" అని నా భుజం మీద తల పెట్టుకుని కునుకు తీసింది. అప్పటికి తన సరాసరి హుయ్ మిన్ కంటే చాలా పైనుంది. దానికి కోపం రావాల్సిన అవసరమే కనిపించలేదు.

అయిదో మ్యాచ్‌లో దీక్షిత మూడు సార్లు బ్యాటు పట్టి రెండు హిట్లు కొట్టింది. రెండూ ఎవరూ వేలెత్తి చూపించలేనివి. నేను రాస్తుంటే, ఎప్పుడూ ఎర్ర టోపీ పెట్టుకుని వచ్చే ఒక పిల్ల తండ్రి వెనకనించి, "స్కోరర్ కూతురు లా! ఆల్‌స్టార్ కన్ఫర్మ్!" అన్నాడు. అందరూ నవ్వారు. లిలియన్ నవ్వింది. నేనూ నవ్వాను.

ఇంటికొచ్చాక అన్నం సహించలేదు. కాత్యాయని ఏమైందని గుచ్చి గుచ్చి అడిగితే చెప్పాను.

"జోకేశాడండీ ఆయన" అంది.

"జోకుల్లోనే అనేవన్నీ అంటారు."

"అంటే అననివ్వండి. పిల్ల కొట్టిందా లేదా? కొట్టింది. మీరు రాశారా లేదా? రాశారు. మధ్యలో ఆయనెవరు?"

అంత తేలిగ్గా తీసిపారెయ్యడం నాకు చేతనయితే నేను నేనెందుకవుతాను! ఆ రాత్రినించి ఎర్ర టోపీ నా వెనకే తిరిగింది. ఆరో మ్యాచ్‌లో దీక్షితకి ఒక్క హిట్టు కూడా రాలేదు. చెప్పడానికి సిగ్గేస్తోంది కానీ, నాకు లోపల్లోపల ఊపిరాడినట్టయింది.

*

ఆఖరి లీగ్ మ్యాచ్ మార్చి రెండో వారంలో. గెలిస్తే సెమీఫైనల్, ఓడితే ఇంటికి. మధ్యలో మెరుపుల హెచ్చరిక మోగి గంటసేపు అందరం షెడ్డు కిందే కూర్చున్నాం. మళ్ళీ మొదలయ్యేసరికి మట్టి తడిసి బరువెక్కింది. ఏడో ఇన్నింగ్స్, అంటే ఆఖరిది. మనవాళ్ళు రెండు పరుగులు వెనకున్నారు. ఇద్దరు అవుట్, ఇంకొకరు అవుటైతే ఆట ముగిసినట్టే. రెండో బేస్ మీద ఒక పిల్ల. దీక్షిత బ్యాటు పట్టుకుని వచ్చింది.

అంతకుముందు రెండు సార్లూ అవుటైంది. నావైపు చూడలేదు. ఎప్పుడూ చూడదు. మొదటి బంతి వదిలేసింది. రెండోది కొట్టింది.

నేను చూశాను. ఈ మాట నేను ఎంతమంది ముందయినా చెప్పగలను, అప్పుడు చెప్పాల్సిన చోట తప్ప. బంతి నేలకి జానెడెత్తున రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్యనించి దూసుకుపోయింది. అక్కడుండే ఫీల్డర్‌ని షార్ట్‌స్టాప్ అంటారు. ఆ పిల్ల మనిషంతా గాల్లోకి విసురుకుని పడింది. చేతి తొడుగు కొస బంతికి తగిలీ తగలనట్టు తగిలింది. బంతి దిశ మారి గడ్డిలోకి పోయింది. రెండో బేస్ మీదున్న పిల్ల పరుగెత్తుకొచ్చి స్కోరు చేసింది. దీక్షిత బేస్ మీద నిలబడి రెండు చేతులూ పైకెత్తింది. ఆ బంతిని మామూలు ఫీల్డర్ కాదు కదా, ఎంత గొప్ప ఫీల్డరూ పట్టలేదు.

నా పెన్సిలు ఆ చిన్న గడి మీద ఆగింది. ఫీల్డర్ చెయ్యి తగిలిందిగా, అనుకున్నాను. తగిలాక జారిందిగా. హిట్టని రాస్తే వెనక నవ్వుతారు. ఎర్రర్ అని రాస్తే ఎవరూ ఏమీ అనరు. ఇంతా కలిసి నాలుగైదు సెకన్లు పట్టుంటుంది. ఎర్రర్‌కి గుర్తుగా ఇంగ్లీషు 'E' అక్షరం వేసి, పక్కన షార్ట్‌స్టాప్‌ని సూచించే అంకె ఆరు వేశాను. చాలా గుండ్రంగా వచ్చింది ఆరు.

తర్వాత వచ్చిన పిల్ల అవుటైంది. ఒక్క పరుగుతో ఓడిపోయాం. పిల్లలు గుండ్రంగా నిలబడి ఒకళ్ళ భుజాల మీద ఒకళ్ళు ఏడ్చారు.

ఫైజల్ సార్ సంతకం పెట్టడానికి వచ్చి పుస్తకం మీదికి వంగాడు. ఆయన వేలు ఆ గడి దగ్గర ఆగింది.

"ఎర్రరా, మిస్టర్ రావ్?"

"ఎర్రరే సార్."

"ష్యూర్?"

"ష్యూర్."

ఆయన ఒకసారి నన్ను చూసి సంతకం పెట్టాడు. ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం చేసి, తేదీ వేస్తే సరిపోయేది. పంతొమ్మిదేళ్ళుగా ఊళ్ళోవాళ్ళందరికీ నేర్పిన విద్య. పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టేశాను.

*

ఓడిన బాధలో దీక్షిత ఆ రోజు ఫొటో తియ్యలేదు. తొమ్మిదో రోజున ఆల్‌స్టార్ పేర్లు వచ్చాయి. సెమీస్ చేరలేదు కాబట్టి మా స్కూలుకి ఒక్కటే చోటు. హుయ్ మిన్‌కి వచ్చింది. దాంతోపాటు అందరి సరాసరులూ పెట్టారు. హుయ్ మిన్ ఇరవై మూడు సార్లు బ్యాటు పట్టి తొమ్మిది హిట్లు. దీక్షిత ఇరవై నాలుగు సార్లలో తొమ్మిది.

నేను ఆఫీసునించి వచ్చేసరికి డైనింగ్ టేబుల్ దగ్గర తల్లీ కూతురూ కూర్చుని ఉన్నారు. దీక్షిత ముందు కాగితం ఉంది. లెక్కలంటే పారిపోయే పిల్ల, నాలుగు సార్లు భాగహారం చేసింది.

"నాన్నా, లాస్ట్ మ్యాచ్‌లో నా లాస్ట్ బాల్ నువ్వు ఏం రాశావ్?"

బూట్లు విప్పుకుంటూ ఉండిపోయాను.

"కోచ్‌ని పేజీ పంపమన్నాను. ఎర్రర్ అని ఉంది. వేరే ఎవరైనా మార్చారా?"

ఎంత నమ్మకమో చూడండి. ఎవరో మార్చారేమో అనుకుంటోంది.

"లేదమ్మా. నేనే రాశాను."

"ఓకే." కాగితం పక్కకి జరిపింది. "నీకు ఎర్రర్‌లా కనిపించిందా? నిజం చెప్పు. నిజంగా అలా కనిపిస్తే ఐ విల్ యాక్సెప్ట్."

అవునని ఉంటే అయిపోయేది. నా కూతురు నమ్మేది. అబద్ధమాడడానికి కూడా ధైర్యం చాలలేదు నాకు.

"హిట్టే" అన్నాను.

కాత్యాయని నెమ్మదిగా తల పట్టుకుంది.

"దెన్ వై?" అంది దీక్షిత. గొంతు లేవలేదు. నిజంగా అర్థం కాక అడుగుతోంది.

"అందరూ అనుకుంటారని... స్కోరర్ కూతురని... ఆ ఎర్ర టోపీ అంకుల్ అన్నాడు చూడు, అయిదో మ్యాచ్‌లో..."

"ఆ అంకుల్ లాస్ట్ మ్యాచ్‌కి రానేలేదు నాన్నా. వాళ్ళమ్మాయికి జ్వరం. వాళ్ళిద్దరూ రాలేదు."

నేను వెనక్కి తిరిగి కూడా చూడలేదు ఆ రోజు. చూసుంటే ఖాళీ కుర్చీలే ఉండేవి.

"పరాయి పిల్లకి లేనిది రాయడానికి చెయ్యి వచ్చింది మీకు" అంది కాత్యాయని. "కన్నపిల్లకి ఉన్నది రాయడానికి రాలేదు. ఏం మనిషండీ మీరు!"

"రేపు ఫైజల్ సార్ దగ్గరికి వెళ్తాను. రెండూ చెప్తాను. హుయ్ మిన్‌ది కూడా..."

దీక్షిత చప్పున లేచింది. "హుయ్ మిన్‌ది ముట్టుకోకు. డోంట్ యూ డేర్. తను ఏం చేసింది? తను రాయమని అడిగిందా?" అప్పుడొచ్చింది ఏడుపు. ఆ ఏడుపులోనే, "నాది మాత్రం చెప్పు. ట్రై చెయ్యి నాన్నా, ప్లీజ్" అంది. చిన్నప్పుడు బొమ్మ విరిగితే తెచ్చి నా చేతిలో పెట్టేది, బాగుచేస్తానని. అచ్చం అలాగే అడిగింది.

మర్నాడు సెలవు పెట్టి స్కూలుకి వెళ్ళాను. స్టాఫ్ రూము బయట బెంచీ మీద ఫైజల్ సార్ నా మాటలన్నీ ఓపిగ్గా విన్నాడు.

"సంతకాలయ్యాక మార్పుకి ఇరవై నాలుగు గంటలే గడువు మిస్టర్ రావ్. పదిరోజులయింది. అయినా అడిగేవాణ్ణి. కానీ ఇప్పుడు వెళ్ళి ఏమని అడగను? పేర్లు వచ్చాక స్కోరర్ తన కూతురి లెక్క మార్చమంటున్నాడనా?"

"ఆ రోజు మీరు చూశారు కదా సార్?"

"చూశాను. నాకు హిట్టే అనిపించింది. అందుకే ష్యూరా అని అడిగాను. తండ్రే ఎర్రర్ అంటుంటే, ఈయనకి నాకంటే బాగా కనిపించి ఉంటుందనుకున్నాను." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఐ యామ్ సారీ. దీక్షితకి నేను చెప్పనా, మీరు చెప్తారా?"

నేనే చెప్తానన్నాను. ఇంటికెళ్ళాక నా ముఖం చూసి తనే అర్థం చేసుకుంది, చెప్పే పని కూడా లేకపోయింది. ఈ ఏడాది ఆల్‌స్టార్లకే ట్రయల్ అని కాలేజీ కోచ్ రెండు లైన్ల మెయిల్ పంపాడు. దీక్షిత దానికి థాంక్యూ అని జవాబు రాసింది. ఉదయం అయిదున్నరకి లేవడం మానేసింది. లెక్కల ట్యూషన్ ఇంకో రోజు పెంచమని తనే అడిగింది. అరవదు, అలగదు, పెట్టింది తింటుంది. కసురుకుంటే బాగుణ్ణని నేను రోజూ ఎదురుచూశాను.

*

ఏప్రిల్ చివర స్కూల్లో క్రీడల బహుమతుల సభ. నాకు కూడా ఆహ్వానం వచ్చింది. సీజనంతా సాయం చేసిన తల్లిదండ్రుల్లో ఒకరికి ఏటా జ్ఞాపిక ఇస్తారట, ఈ ఏడు నాకట. రాలేనని రాద్దామని మూడు సార్లు కూర్చున్నాను. వాళ్ళేమనుకుంటారో అని రాయలేదు. కాత్యాయని, "నేను రాను, మీరు వెళ్ళి తెచ్చుకోండి" అంది.

జట్టుతో కలిసి దీక్షిత నాలుగో వరసలో కూర్చుంది. హుయ్ మిన్ ఆల్‌స్టార్ జాకెట్ తొడుక్కుని స్టేజీ ఎక్కితే, అందరికంటే ముందు లేచి చప్పట్లు కొట్టింది మా అమ్మాయే. మొదటి వరసలో లిలియన్ ఏడుస్తూ ఫోనులో వీడియో తీసింది. హుయ్ మిన్ స్టేజీ దిగాక లిలియన్ నా దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"యూ వెరీ ఫెయిర్, మిస్టర్ రావ్" అంది. "అందరితోనూ చెప్తాను నేను. సొంత కూతురని కూడా చూడలేదు. అలాంటి మనిషి ఎక్కడున్నాడు?"

ఈ మాట ఆవిడ ఎందరితో చెప్పిందో, ప్రిన్సిపాల్ దాకా వెళ్ళింది. నా పేరు పిలిచాక ప్రిన్సిపాల్ మైకులో ఆ ఆఖరి బంతి కథంతా చెప్పారు. ఒక తండ్రి, తన కూతురు సీజను మొత్తానికి ముఖ్యమైన బంతి కొడితే, దాన్ని ఎర్రర్ అని రాసిన తండ్రి. నిజాయితీ అంటే ఇది పిల్లలూ, అన్నారు. హాలంతా చప్పట్లు. పక్కనున్న ఫైజల్ సార్ ఒక్కడే బూట్ల వంక చూసుకుంటున్నాడు.

జ్ఞాపిక నా చేతిలో పెట్టి, మైకు నావైపు జరిపి, రెండు మాటలు చెప్పమన్నారు.

చెప్పాలనుకున్నాను. నిజంగా అనుకున్నాను. అది హిట్టు, నేను పిరికివాణ్ణి, అక్కడ కూర్చున్న ఆ పిల్ల ఏ తప్పూ చెయ్యలేదు. ఇంతే కదా. దీక్షిత తలెత్తి నన్నే చూస్తోంది. ఈ నెలన్నరలో నన్ను అలా చూడలేదు. కొంచెం ముందుకి వంగి కూర్చుంది. లిలియన్ ఫోను పైకెత్తి పట్టుకుంది, ప్రిన్సిపాల్ గారు నవ్వుతూ నిలబడ్డారు, మూడొందల మంది ముఖాలు.

"థాంక్యూ వెరీ మచ్" అన్నాను. నమస్కారం పెట్టాను.

చప్పట్ల మధ్య మెట్లు దిగుతూ చూస్తే, దీక్షిత వెనక్కి ఆనుకుని కూర్చుంది. అదీ చప్పట్లు కొడుతోంది, పక్కవాళ్ళందరితో పాటు, వాళ్ళు కొట్టినంతసేపే.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. జ్ఞాపిక నా ఒళ్ళో ఉంది. బరువుగా ఉందా, పట్టుకోనా అని అడిగింది. వద్దన్నాను. మా స్టాపు వచ్చాక నన్ను ముందు దిగనిచ్చింది. లిఫ్టు బటన్ తనే నొక్కింది. పన్నెండో అంతస్తులో దిగి, తాళం తీసి, తలుపు తెరిచి, చేతుల్లో ఆ జ్ఞాపికతో నేను లోపలికి వెళ్ళేదాకా తలుపు పట్టుకుని పక్కకి తప్పుకుని నిలబడింది, ఇంటికి వచ్చిన ఎవరో అంకుల్‌కి పట్టినట్టు.

"థాంక్స్ అమ్మా" అన్నాను. మా ఇంట్లో ఒకళ్ళకొకళ్ళం ఎప్పుడూ చెప్పుకోని మాట అది.

"ఇట్స్ ఓకే" అంది దీక్షిత, చాలా మర్యాదగా.